జిగురు దూకని బోర్డు

మా తమ్ముణ్ణి చూసి గర్వపడాలని ఈ మధ్య నాకు చాలామంది చెప్పారు. చెప్పడం తేలికే. ముందు వాడి షెడ్డులోకి వెళ్ళి, ముక్కు మూసుకోకుండా కాసేపు నిలబడి, ఆ తర్వాత చెప్పమనండి, వింటాను. జిగురు కంపు, చెక్కపొట్టు, చెమటకు నానిన సాక్సులు, ఎప్పటివో తెలియని టీ కప్పుల్లో ఉబ్బిపోయిన సిగరెట్టు పీకలు. ఇవన్నీ కలిసి గోడ దాటి నా లాండ్రీలోకి వస్తాయి. నేను ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టిన ఆసుపత్రి తెల్లకోట్లలో దూరతాయి. "మీరిచ్చిన కోటు వేసుకుంటే ఫర్నిచర్ షాపులో కూర్చున్నట్టుందమ్మా" అని ఒక పళ్ళ డాక్టరు నా మొహం మీదే అన్నాడు.

ముందువైపు నా లాండ్రీ, వెనకవైపు వాడి షెడ్డు, మధ్యలో ఒక గోడ. మా నాన్న పోయాక వాటాలు వేసుకున్నప్పుడు నీళ్ళ కుళాయి నా వైపు పడింది, పెద్ద తలుపు వాడి వైపు పడింది. అందుకని చేతులు కడుక్కోవడానికి వాడు నా వైపుకి వస్తాడు. కడుక్కుంటాడు గానీ అవి శుభ్రపడవు. వేళ్ళ సందుల్లో జిగురు ఎండి పొలుసులు కట్టి ఉంటుంది. అన్నం ముందు కూర్చుని ఆ పొలుసులు గిల్లి కంచం పక్కన కుప్పపోస్తాడు. తిట్టి తిట్టి నా నోరు నొప్పి పుట్టింది. "అదేం విషం కాదులే అక్కా" అంటాడు. విషమని ఎవరన్నారు? చూసేవాళ్ళకి ముద్ద దిగదు, అదీ నా గోల.

వాడి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. అందరూ జిగురు అంటారు. వయసులో చిన్నవాళ్ళు జిగురన్న అంటారు. నలభై దాటాయి, పెళ్ళి మాటెత్తితే చెవుడు నటిస్తాడు, కుడి మోకాలు సరిగా వంగదు. స్కేట్‌బోర్డులు చేయడం వాడి వృత్తి. అంటే, నాలుగు చక్రాల చెక్క మీద నిలబడి మెట్ల మీంచీ రెయిలింగుల మీంచీ జారి మూతిపళ్ళు రాలగొట్టుకునేవాళ్ళకి ఆ చెక్క తయారుచేసి ఇవ్వడం.

మోకాలు పోకముందు వాడూ అదే పని చేసేవాడు. చదువు మధ్యలో వదిలేసి ప్లైవుడ్ కుర్చీల ఫ్యాక్టరీలో చేరాడు. పల్చటి చెక్కపొరలకి జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అచ్చులో పెట్టి బిగిస్తే అవి ఎలా వంపు తిరుగుతాయో అక్కడే నేర్చుకున్నాడు. షాపుల్లో దొరికే బోర్డులు నెల తిరక్కుండానే విరుగుతున్నాయని తనకోసం ఒకటి చేసుకున్నాడు. అది చూసి స్నేహితుడు అడిగాడు. ఆ స్నేహితుణ్ణి చూసి ఇంకొకడు అడిగాడు. అలా మొదలైన పీడ ఇది.

వాడి దగ్గర కొనేవాళ్ళ తీరు చెబితే మీకూ రోత పుడుతుంది. మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని వెనక ఖాళీ స్థలంలో వాళ్ళే సిమెంటు కలిపి, వాళ్ళే తాపీ పట్టి, జారడానికి వాలుగోడలు కట్టుకున్నారు. ఎవరి అనుమతీ లేదు. వాచ్‌మన్ తరిమితే కాలికి బుద్ధి చెబుతారు, అతను అటు తిరగగానే మళ్ళీ చేరతారు. పేరూ ఊరూ రాసిన బోర్డంటూ ఉండదు. ఒకరు చేయి పట్టుకుని ఇంకొకర్ని తీసుకొస్తేనే ఆ చోటు తెలుస్తుంది. అక్కడంతా పగిలిన మోచేతులు, చిరిగిన ప్యాంట్లు, ఒకే సీసాకి అందరూ మూతిపెట్టి తాగే నీళ్ళు.

ఒకరోజు పొద్దున్నే షాపు తెరిచి లైటు వేసేసరికి, గుంపంతా నా మాసిన బట్టల మూటల మీద పడి నిద్రపోతున్నారు. వానకి తడిసి వచ్చారట, వెనక తలుపు తీసే ఉందట. లైటు పడగానే తలో మూలకీ పరుగెత్తారు. "బొద్దింకల్లారా! మీ మొహాలు మండ!" అని చీపురు అందుకున్నాను. వాళ్ళకి సిగ్గుంటేగా. వారం తిరక్కుండా మా తమ్ముడి బోర్డులన్నింటికీ అడుగున, వెల్లకిలా పడి కాళ్ళు గాల్లో ఆడిస్తున్న బొద్దింక బొమ్మ వచ్చింది. కంపెనీ పేరే బొద్దింక అయిపోయింది. దీపస్తంభాల మీద ఆ స్టిక్కరే, బస్టాపు బెంచీల మీద ఆ స్టిక్కరే, చివరికి నా షట్టరు మీద కూడా. తిట్టిన తిట్టుకి మర్యాద లేకుండా చేశారు.

ఆ బొమ్మ వేసేది అరిగిపోవడానికి. రెయిలింగు మీద బోర్డు అడుగుతో జారతారు కాబట్టి ముందు బొద్దింక కడుపు చెరిగిపోతుంది, తర్వాత కాళ్ళు పోతాయి, ఆఖరికి మీసం ఒక్కటి మిగులుతుంది. మీసం దాకా అరగదీసినవాళ్ళకి ఆ గుంపులో పెద్ద గౌరవం.

ఎంత మురికిగా బతికినా మా తమ్ముడికి రెండు పట్టింపులున్నాయి. మొదటిది దూకడం. బోర్డు తయారవగానే రెండు ఇటుకల మీద వంతెనలా పెడతాడు. పక్కనున్న స్టూలెక్కి, రెండు కాళ్ళూ కలిపి దాని నడుమ మీదకి దూకుతాడు. మోకాలు పట్టుకుని కాసేపు మూలుగుతాడు. బోర్డులోంచి చిటపటమని చప్పుడొచ్చిందా, అది నా బాయిలరు పొయ్యిలోకి పోతుంది. రాలేదా, అప్పుడు కాలు జారకుండా పైన గరుకు కాగితం అంటించి చక్రాలు బిగిస్తాడు. వాడు దూకకుండా ఒక్క బోర్డూ గడప దాటేది కాదు. కొనడానికి వచ్చినవాళ్ళు ధర అడగరు, రంగు అడగరు. "జిగురు దూకాడా?" అంటారు. దూకాడంటే తీసుకుని వెళ్ళిపోతారు. గోడకి ఇవతల నాకు రోజంతా ధబ్, ధబ్ అని వినిపిస్తూనే ఉండేది. ఆ అదురుకి అరలో సోడా డబ్బాలు జరిగి జరిగి కింద పడేవి.

రెండో పట్టింపు విరిగిన బోర్డులు. ఎవరి బోర్డు విరిగినా రెండు ముక్కలూ తెచ్చి ఇవ్వాలి. వాడు ఆ విరుపుని కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తాడు. చెక్క పేళ్ళు పేళ్ళుగా చీలితే మనిషి గట్టిగా పడ్డాడని, బోర్డు తన పని తాను చేసిందని అర్థమట. పొరలు విడిపోతే జిగురు పట్టలేదని, తప్పు తనదని అర్థమట. ఏదైనా సరే, కొత్త బోర్డు ఇచ్చేస్తాడు. ముక్కల్ని గోడకి మేకులు కొట్టి, కింద ఒక అట్టముక్క మీద ఎవరిదో, ఎక్కడ విరిగిందో రాస్తాడు. షెడ్డులో ఆ గోడ ఒక్కటే చూడ్డానికి కాస్త శుభ్రంగా ఉంటుంది.

ఇక మా ఆయన సంగతి. నీళ్ళ ఫిల్టర్లు అమ్మే ఉద్యోగం పోయాక నా గల్లాపెట్టె పక్కన గడ్డం గోక్కుంటూ కూర్చునేవాడు. మనిషి మంచివాడని పెళ్ళప్పుడు అందరూ అన్నారు. కాదని నేనిప్పటికీ అనను. ఎదుటివాడికి ఏం కావాలో ఇట్టే పసిగడతాడు, అది చేతిలో పెడతాడు. ఆ పెట్టేది ఏమిటన్న పట్టింపు మాత్రం ఉండదు.

ఒకరోజు కాఫీ హోటల్ యజమాని తన కోటు కోసం వచ్చి, వెనక ఆరబెట్టిన బొద్దింక బోర్డు చూశాడు. "ఇది మా హాల్లో గోడకి పెడితే అదిరిపోతుందండీ" అన్నాడు. మా ఆయన కళ్ళు మెరిశాయి. ఆ హోటల్లో అది చూసి ఒక వకీలు అడిగాడు. వకీలింట్లో చూసి ఇంకెవరో అడిగారు. చక్రాలు అక్కర్లేదు, ఎక్కేవాళ్ళు లేరు. సోఫా పైన ఫోటో ఫ్రేములా తగిలిస్తారట. బొద్దింక కడుపు చెక్కు చెదరకూడదట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సబ్బుల ఫ్యాక్టరీ గుంపులా కనబడాలని జనానికి మోజు పట్టింది. కొత్త బూట్లు కొని, నా షాపు మెట్ల మీద కూర్చుని రాయితో గీరేవాళ్ళు. ఒకావిడ కొత్త ప్యాంటు పట్టుకొచ్చి, "మోకాలి దగ్గర కాస్త మురికి పట్టించి ఇస్తారా? నిజంగా పడ్డట్టుండాలి" అని అడిగింది. మరకలు పోగొట్టి బతుకుతున్నదాన్ని, మరక పెట్టమని అడిగిన మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆ గుంపు మురికి నాకు అసహ్యమే, కానీ అది వాళ్ళు పడి తెచ్చుకున్న మురికి. వీళ్ళు దాన్ని కూడా కుట్టించుకుని వేసుకోవాలనుకుంటున్నారు.

గోడకేసుకునేవాళ్ళ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. బోర్డు అడుగున ఇటుకల గీతలు కనిపిస్తున్నాయని. వాడు దూకినప్పుడు పడే గీతలవి. మా ఆయన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"ఒరేయ్, సోఫా మీద వేలాడే బోర్డు మీద ఎవడైనా దూకుతాడా? నువ్వెందుకు దూకడం? నీ మోకాలికి కూడా కాస్త విశ్రాంతి."

"దూకని బోర్డు ఇవ్వను బావా."

"ఇవ్వద్దు. ఎక్కేవాళ్ళకి ఇవ్వద్దు. ఇవి వేరు, అవి వేరు. వీటికి అంత మంచి చెక్క కూడా దండగ. జిగురు ఆరేదాకా రోజంతా అచ్చులో ఉంచితే ఆర్డర్లు ఎప్పటికవుతాయి? సబ్బుల ఫ్యాక్టరీ ఎలాగూ కూలగొట్టేస్తారంటున్నారు. నీవాళ్ళకి కప్పున్న చోటొకటి కట్టాలని నువ్వేగా కలవరిస్తున్నావు? ఎలా కడతావు, నీ జిగురు పొలుసులు అమ్ముకునా?"

వాడు చాలాసేపు గోళ్ళలో జిగురు గిల్లుకుంటూ కూర్చున్నాడు. చివరికి తలూపాడు. గోడబోర్డుల్ని వేరే దొంతరగా పెట్టాలని, వాటికి వార్నిష్ మెరుపు ఉండాలని, ఎక్కేవాళ్ళ చేతికి పొరపాటున కూడా వెళ్ళకూడదని చెప్పాడు. మా ఆయన అన్నింటికీ ఊ కొట్టాడు. ఆయన ఊ కొట్టడం నాకు తెలుసు. చెవిలోంచి లోపలికి ఏమీ పోదు.

గోడ అవతల ధబ్ ధబ్‌లు తగ్గిపోయాయి. నా సోడా డబ్బాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సంతోషించాల్సిందే గానీ నాకు చికాకేసింది. "ఏరా, దూకడం మానేశావా?" అని కుళాయి దగ్గర అడిగాను.

"గోడకేసేవాటికి ఎందుకక్కా?" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆ మాట మా ఆయనది, గొంతు మాత్రం వాడిది. నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో బూట్ల కంపెనీవాళ్ళు వచ్చారు. పెద్ద కంపెనీ. బొద్దింక పేరూ బొమ్మా తాము కొనుక్కుంటామన్నారు. చొక్కాల మీద, బూట్ల మీద, టోపీల మీద వేస్తారట. బదులుగా గుంపు కోసం కప్పున్న మైదానం కట్టిస్తామన్నారు. శుక్రవారం సంతకాలనుకున్నారు. మా ఆయన గాల్లో తేలిపోయాడు. తమ్ముడు మాత్రం ఆ కప్పున్న మైదానం బొమ్మని అట్టముక్క మీద గీసి గీసి చెరుపుకుంటున్నాడు. వాడికి అది నిజంగా కావాలి. అది తెలుసు కాబట్టే నేను నోరు మూసుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం తమ్ముడు చేతులు కడుక్కోవడానికి నా వైపు ఉండగా కొరియరమ్మాయి వచ్చింది. అమ్మాయని అనడమే గానీ ముప్పై దాటిన మనిషి. పార్సిళ్ళ సంచి వీపున వేసుకుని, ఊరంతా బోర్డు మీదే తిరిగి పంచుతుంది. సబ్బుల ఫ్యాక్టరీలో మీసం దాకా అరగదీసిన కొద్దిమందిలో తనొకతి. ఆ రోజు ఎడమ చేయికి మోచేతి దాకా కట్టు ఉంది. గడ్డం కింద కుట్లు. నోరు తెరిస్తే ముందు పన్ను ఒకటి సగమే ఉంది. సంచిలోంచి రెండు ముక్కలు తీసి మా తమ్ముడి చేతికిచ్చింది.

"గోడకి అన్నా" అంది, ఆ సగం పన్నుతోనే నవ్వుతూ. "సిగ్గేస్తోంది. మెట్లు కూడా కాదు, ఫుట్‌పాత్ దిగానంతే. సరిగా దిగలేదేమో."

వాడు అలవాటుగా ముక్కల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తిప్పి చూశాడు. పేళ్ళు లేవు. తడిసిన పుస్తకంలో కాగితాల్లా పొరలన్నీ ఊడి విడిగా ఉన్నాయి. గోటితో ఒక పొరని లాగితే మొత్తం వచ్చేసింది. అడుగున బొద్దింక కడుపు నిగనిగలాడుతోంది, ఒక్క గీత కూడా లేదు.

"ఇది నీకెవరిచ్చారు?"

"బావగారు. నువ్వు చెక్క కోసం వెళ్ళావట. నా పాత బోర్డు చీలింది, పొద్దున్నే డ్యూటీకి కావాలన్నాను. నీ కొత్తవింకా అచ్చులో ఉన్నాయట. సరుకంతా ఒకటేనని ఇదిచ్చారు. చక్రాలు కూడా ఆయనే బిగించారు."

"నువ్వేమీ అడగలేదా?"

"అడక్కుండా ఉంటానా? జిగురన్న దూకాడా అన్నాను. దూకాడన్నారు."

గల్లా దగ్గర మా ఆయన ఒక్కసారిగా రసీదుల కట్ట సర్దడం మొదలుపెట్టాడు. ఆ రసీదుల్ని ఆయన ఏనాడూ ముట్టుకోలేదు.

"నేను దూకలేదమ్మా" అన్నాడు మా తమ్ముడు.

"ఆఁ?"

"దీని మీద నేను దూకలేదు. ఇది గోడకి పెట్టుకునేవాళ్ళ కోసం చేసింది. దీని మీద ఎక్కకూడదు."

ఆమె తన కట్టు వైపు చూసుకుంది. తర్వాత వాడి వైపు చూసింది. కోపం లేదు, అర్థం కావడం లేదంతే.

"ఎక్కకూడని బోర్డు ఎందుకు చేశావన్నా?"

వాడు ఊడిన పొరని మళ్ళీ దాని చోట పెట్టి అదిమాడు. అది నిలవలేదు. ఆమె కొత్త బోర్డు అడక్కుండానే వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో మా ఆయన నోరు విప్పాడు. "నేనేదో గోడకి పెట్టుకుంటుందనుకున్నా."

"చక్రాలు బిగించి మరీనా?" అన్నాను. "గోడకి పెట్టుకునేదానికి చక్రాలెందుకండీ? రాత్రిళ్ళు గోడ మీద షికారు వెళ్తుందనా?"

నీళ్ళు నమిలాడు. కొత్త బోర్డు ఆలస్యమైతే ఇంకో చోటికి పోతుందేమోనని, కొరియర్ పని కదా మెల్లగా నడుపుకుంటుందిలే అని, ఇలా ఏవేవో అన్నాడు. అన్నీ విన్నాక నాకొకటి అర్థమైంది. అంత సేపట్లో ఆయన ఆమె చేయి ఎలా ఉందని ఒక్కసారి కూడా అనలేదు. నాకు ఆయన పక్కన నిలబడాలంటేనే జుగుప్స కలిగింది.

"సర్లే, అయిందేదో అయింది" అన్నాడు చివరికి. "శుక్రవారం దాకా ఇది బయటపడకూడదు. ఆ ముక్కలు బాయిలర్లో పడేయ్. తనకి మంచి బోర్డు రెండిద్దాం."

మా తమ్ముడు సుత్తి తీశాడు. రెండు ముక్కల్నీ షెడ్డులో తన గోడ మధ్యలో, అందరి కళ్ళూ పడేచోట మేకులు కొట్టాడు. అట్టముక్క మీద రాశాడు. 'కొరియరమ్మాయి. ఫుట్‌పాత్ దగ్గర. దీని మీద నేను దూకలేదు. జిగురు.'

"పిచ్చా నీకు? వాళ్ళు చదివితే సంతకం పెడతారా?"

"చదవనీ బావా. చదివాక కూడా కావాలంటే తీసుకుంటారు. వద్దంటే పోతారు. నావాళ్ళకి కప్పున్న చోటు లేకపోతే పోనీ."

మా ఆయన గురువారం మొత్తం ఆ గోడ చుట్టూ తిరిగాడు. చేయి ముక్కల మీదకి వెళ్ళినప్పుడల్లా నేను ఏదో ఒక పని పెట్టుకుని వేడి ఇస్త్రీపెట్టెతో అటు వచ్చాను. ఇస్త్రీపెట్టె బుసకొట్టింది, అది చాలింది.

శుక్రవారం కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. పాలలా తెల్లటి బూట్లు వేసుకుంది. ఆ నేల మీద అడుగు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ నడిచింది. వెంట ఒక ఫోటోగ్రాఫరు. మా తమ్ముడు రమ్మన్నాడని కొరియరమ్మాయి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. జరిగింది ఆమె ముందే తన నోటితో వాళ్ళకి చెప్పాలని వాడి ఉద్దేశం. వాళ్ళు చదువుతారు, ఛీ అంటారు, పోతారు, తనకి తగిన శాస్తి జరుగుతుంది. వాడు అలాగే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

తెల్లబూట్లావిడ గోడ ముందు ఆగింది. అట్టముక్క చదివింది. మళ్ళీ చదివింది. మా ఆయన టీ కప్పుల ట్రే పట్టుకుని ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"అబ్బ!" అంది ఆవిడ, గుండె మీద చేయి వేసుకుని. "ఎంత నిజాయితీ అండీ! దీని మీద నేను దూకలేదు... ఈ మాట చొక్కాల మీద వేద్దాం. వెనకవైపు, పెద్ద అక్షరాలతో."

ఫోటోగ్రాఫరు కొరియరమ్మాయి కట్టు చూశాడు. "మీదేనా మేడం ఆ బోర్డు? ఇలా రండి. ముక్కలు కట్టు పక్కన పట్టుకోండి. గడ్డం కొంచెం ఎత్తితే కుట్లు కనిపిస్తాయి. కాస్త బాధగా చూడండి."

ఏం చేయాలో తోచక ఆమె నిజంగానే గడ్డం ఎత్తింది. మా ఆయన నవ్వాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు నవ్వి, "మావాడంతేనండీ, నిప్పులాంటి మనిషి" అన్నాడు. చూడండి, నేను డ్రైనేజీ పక్కన ఇరవై ఏళ్ళు షాపు నడిపినదాన్ని. ఎలాంటి బట్టలు ఉతికానో చెబితే మీరు అన్నం మానేస్తారు. కానీ అప్పుడు కలిగినంత రోత నాకెప్పుడూ కలగలేదు. ఒకామె విరిగిన చేయి, వాడి సిగ్గు, రెండూ కలిపి చొక్కా మీద అచ్చేస్తారట.

మా తమ్ముడు మూలకి వెళ్ళాడు. రెండు ఇటుకలు తెచ్చి నడుమ నేల మీద పెట్టాడు. మెరుస్తున్న గోడబోర్డుల దొంతరలోంచి ఒకటి తీసి వాటి మీద వేశాడు. స్టూలు జరిపాడు.

"బావా, దూకు" అన్నాడు.

"నేనా? టీ చల్లారిపోతుందిరా."

"నువ్వేగా సరుకంతా ఒకటేనన్నావు. దూకు."

"నా బరువుకి... ఇప్పుడెందుకురా అవన్నీ" అని మా ఆయన నవ్వడానికి చూశాడు. కాళ్ళు మాత్రం వెనక్కి వేశాడు.

తెల్లబూట్లావిడకి హుషారొచ్చింది. "ఇదేనా మీరు చెప్పే దూకడం? నేను దూకుతాను! ఇది తప్పకుండా తీయవోయ్" అని ఫోటోగ్రాఫరుకి సైగ చేసి, చటుక్కున స్టూలెక్కేసింది. మోకాళ్ళు వంచింది.

"వద్దు!" అని అరిచాడు మా ఆయన. ట్రే వదిలేసి ఒక్క ఉరుకున ఆవిడ చేయి పట్టుకున్నాడు. కప్పులు భళ్ళుమన్నాయి, టీ అంతా తెల్లబూట్ల మీద పడింది. "వద్దు మేడం, విరుగుతుంది! కాలు పోతుంది!"

ఆవిడ స్టూలు మీంచి మెల్లగా దిగింది. ఇటుకల మీదున్న బోర్డుని చూసింది, గోడకున్న ముక్కల్ని చూసింది, తన కాళ్ళు చూసుకుంది. ఆ అట్టముక్క మీది మాట అప్పుడు అర్థమైనట్టుంది ఆవిడకి.

"ఇలాంటివి బయటికి చాలా వెళ్ళాయా?" అంది. గొంతులో ఇందాకటి తీపి లేదు.

"మెరిసేవన్నీ ఇలాంటివే" అన్నాడు మా తమ్ముడు.

ఆవిడ ఫోను తీసుకుని బయటికి నడిచింది. మళ్ళీ ఫోన్ చేస్తామంది. చేయరని అందరికీ తెలుసు. కారెక్కబోతూ నా షాపు పేరు చూసి, "లాండ్రీ మీదేనా? ఈ టీ మరక పోతుందాండీ?" అని అడిగింది.

"పోదు" అన్నాను. పోతుంది. వేడినీళ్ళూ కాస్త సోడా చాలు. చెప్పబుద్ధి కాలేదు.

లోపలికి వచ్చేసరికి కొరియరమ్మాయి మా ఆయన ఎదురుగా నిలబడి ఉంది. అరవలేదు. మామూలుగా, పార్సిలు మీద సంతకం అడిగినట్టు అడిగింది.

"విరుగుతుందన్న మాట నోట్లోనే ఉందిగా బావగారూ. ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?"

మా ఆయన కింద పడ్డ కప్పు పెంకులు ఏరడానికి కూర్చున్నాడు. అవన్నీ ఏరడం అయిపోయినా తల పైకెత్తలేదు. నేను చీపురు తెచ్చి ఇవ్వలేదు.

మిగిలిన గోడబోర్డులన్నింటి మీదా మా తమ్ముడు వరసగా దూకాడు. ఒక్కటి కూడా నిలవలేదు. ఆ వారమంతా నా బాయిలరు వాటితోనే మండింది, వార్నిష్ కంపుకి కళ్ళు మండిపోయాయి. తర్వాత కుంటుకుంటూ, అమ్మిన ఇళ్ళకి వెళ్ళి బోర్డులు వెనక్కి ఇవ్వమని అడిగాడు. కాఫీ హోటల్ యజమాని ఇవ్వనన్నాడు. వకీలు, "విరిగిపోతుందా? అయితే ఆ సంగతి అట్టమీద రాసి సంతకం పెట్టివ్వు, పక్కన తగిలిస్తాను" అన్నాడట. వాడు ఇంటికొచ్చి కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు రుద్దుకున్నాడు. ఆ రోజు చేతులకి జిగురు లేదు.

మా ఆయనతో మాట్లాడుతున్నాను. లాండ్రీ విషయాలు మాట్లాడతాను. ఆయన లాండ్రీలోంచి షెడ్డులోకి వెళ్ళే తలుపుకి ఇప్పుడు తాళం ఉంది, తాళంచెవి నా కొంగున ఉంది. సబ్బుల ఫ్యాక్టరీ కూలగొట్టేశారు. గుంపు ఇంకెక్కడో గోడ చూసుకుని మళ్ళీ సిమెంటు కలుపుతోందని, నా బకెట్లు రెండు మాయమైనప్పుడు తెలిసింది.

కట్టు తీశాక కొరియరమ్మాయి వచ్చింది. మా తమ్ముడు ఆమె కోసమని మంచి చెక్కతో చేసి, అచ్చులో నిదానంగా ఆరనిచ్చిన బోర్డు తీశాడు. ఆమె కళ్ళ ముందే ఇటుకల మీద పెట్టి, స్టూలెక్కి దూకాడు. చిటపట లేదు. మోకాలు పట్టుకుని మూలిగి, తుడిచి, ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని సంచిలో పెట్టుకోలేదు. "ఏమనుకోకన్నా" అని మళ్ళీ ఇటుకల మీద పెట్టింది. స్టూలెక్కింది. రెండు కాళ్ళూ కలిపి తనే దూకింది. బోర్డు చెక్కుచెదరలేదు. అప్పుడు తీసుకుని, థాంక్స్ చెప్పి, వెళ్ళిపోయింది. వాడు ఇటుకలు తీయలేదు, స్టూలు కూడా అక్కడే ఉంచాడు.

ఆమె చెప్పిందో, ఎవరికి వాళ్ళకే తోచిందో, ఇప్పుడు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే చేస్తున్నారు. గోడ అవతల ఒక్కో బోర్డుకి రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. మొదటిది మా తమ్ముడిది, రెండోది కొనేవాళ్ళది. నా సోడా డబ్బాలు మళ్ళీ కింద పడుతున్నాయి. జిగురు దూకాడా అని మాత్రం ఎవరూ అడగడం లేదు.